పిల్లల పోటీలో నాన్నకేం పని?

ఫిబ్రవరి సగానికి వచ్చిందంటే సికింద్రాబాద్ స్టేషనరీ దుకాణాల ముందు థర్మకోల్ షీట్లు బారులు తీరతాయి. నెలాఖరున, 28వ తేదీన, జాతీయ సైన్స్ దినోత్సవం. 1928లో సి.వి. రామన్ తన పేరుతో నిలిచిపోయిన కాంతి ఫలితాన్ని కనుగొన్న రోజది. 1987 నుంచి దేశమంతా ఏటా జరుపుకుంటోంది. ఆ సమయానికి బడి బడికీ ఒక సైన్స్ ఫెయిర్ ఉంటుంది. రాత్రి పదకొండు దాటినా లైటు ఆర్పని ఇళ్లలోకి తొంగి చూస్తే పిల్లలు పడుకుని ఉంటారు. గ్లూ గన్ పట్టుకుని మేలుకుని ఉండేది నాన్నలు, కొన్నిచోట్ల అమ్మలు.

అలాంటి ఒక ఇంట్లో, పద్మారావునగర్‌లో, అక్కాతమ్ముళ్ల మధ్య జరిగిన సంవాదం ఇది. ఇద్దరూ కల్పిత పాత్రలే, కింది ఫ్లాటు పిల్లలూ అంతే. వాళ్ల మాటల్లో వచ్చే చరిత్ర, ఊళ్లు, లెక్కలు మాత్రం నిజమైనవి. తమ్ముడు సాఫ్ట్‌వేర్ ఇంజినీరు, కొడుకు ఏడో తరగతి. అక్క ప్రభుత్వ హైస్కూల్లో ఫిజికల్ సైన్స్ చెప్పి రిటైరైంది. జిల్లా సైన్స్ ఫెయిర్లలో ఎన్నోసార్లు జడ్జిగా కూర్చుంది.

తగాదాకు మూలం ఒక చెత్తబుట్ట. చెయ్యి దగ్గరికి తెస్తే దాని మూత దానంతటదే తెరుచుకుంటుంది. లోపల ఒక ఆర్డునో బోర్డు, మూత లేపడానికి చిన్న సర్వో మోటారు, ముందు భాగాన అల్ట్రాసోనిక్ సెన్సర్. మొదట్లో అంతవరకే. కింది ఫ్లాటులో అదే బడికి పోయే అక్కచెల్లెళ్లిద్దరు మోండా మార్కెట్ నుంచి మట్టి కుండలు తెచ్చారు. వాటిలో నీళ్లు పోసి, ఎంత చల్లబడుతున్నాయో థర్మామీటరుతో చూసి నోట్‌బుక్‌లో రాసుకుంటున్నారు. ఆ సంగతి తెలిశాక తమ్ముడు, బుట్ట నిండితే ఫోనుకు కబురు వచ్చే ఏర్పాటు చేశాడు. వాళ్లు గ్రాఫ్ గీస్తున్నారని విని, బుట్టకు రంగుల స్క్రీన్ బిగించాడు. మెట్లు దిగిన ప్రతిసారీ వాళ్ల బాల్కనీ వైపు ఓ చూపు వేసి వస్తున్నాడు. నలభై దాటిన మనిషి పన్నెండేళ్ల పిల్లలతో పందెం కట్టాడు.

"ఇది ఎవరి ప్రాజెక్టురా?" అని మొదలుపెట్టింది అక్క.

"మనోడిదే అక్కా. నేనేదో కొంచెం చెయ్యి వేశానంతే."

"వాణ్ని ఒక ప్రశ్న అడిగాను. చెయ్యి పెడితే మూత లేస్తోంది, మందంగా దూది పట్టుకుపోతే ఎందుకు లేవట్లేదు అని. వాడు నీ మొహం చూశాడు."

తమ్ముడు ఉత్సాహంగా అందుకున్నాడు. ఆ సెన్సర్ పంపే ధ్వని సెకనుకు 40 వేల కంపనాలది. మనిషి చెవి 20 వేల దాకానే వినగలదు కాబట్టి మనకు వినపడదు. ఆ ధ్వని గట్టి వస్తువుకు తగిలి వెనక్కి వస్తుంది, రావడానికి పట్టిన సమయాన్ని బట్టి దూరం లెక్క తేలుతుంది. దూది, మెత్తటి గుడ్డ ఆ ధ్వనిని చాలావరకు మింగేస్తాయి. వెనక్కి రావలసింది రాదు కాబట్టి ఎదురుగా ఏమీ లేదనుకుని బుట్ట ఊరుకుంటుంది.

"ఎంత బాగా చెప్పావురా! కానీ నీకు తెలుసో లేదో చూడటానికి బడివాళ్లు ఫెయిర్ పెట్టడం లేదు. ఈ సంగతి వాడే కనిపెట్టే వీలుండేది. రోజూ దాంతో ఆడుకుంటే ఏదో ఒకరోజు తువ్వాలు అడ్డం పెట్టేవాడు, మూత లేచేది కాదు, ఎందుకని తల గోక్కునేవాడు. అంతవరకు పోనివ్వలేదు నువ్వు. పూర్తయిన బుట్టను చేతికిచ్చావు."

"అక్కా, ఇది మార్కుల లోకం. నిరంతర సమగ్ర మూల్యాంకనం వచ్చాక పదో తరగతిలో 20 అంతర్గత మార్కుల్లో ప్రాజెక్టు పనికి 5 పెట్టారు. అలవాటు ఇప్పటి నుంచే కావాలి. పైగా క్లాసులో అందరూ పెద్దవాళ్లతో చేయించుకునే వస్తారు. దుకాణంలో కొనుక్కొచ్చేవాళ్లూ ఉన్నారు. అందరూ అలా వస్తుంటే నా కొడుకొక్కడు వంకరటింకర అట్టముక్క పట్టుకుని నిలబడాలా? వాడి మొహం చిన్నబోదా?"

ఈ మాటను తేలిగ్గా తీసిపారేయలేం. పిల్లవాడు నలుగురిలో చిన్నబోకూడదని కోరుకోవడం తండ్రికి సహజం. అక్క కూడా దాన్ని కాదనలేదు. "అందరూ చేస్తున్నారు" అన్న మాటనే పట్టుకుంది.

"యాభై ఏళ్ల కిందట అమెరికాలో ఒక పెద్దమనిషి సరిగ్గా ఈ మాటే అన్నాడురా. ఒహాయో రాష్ట్రంలోని ఏక్రన్ ఊళ్లో పిల్లలకు ఏటా బండ్ల పందెం జరుగుతుంది, సోప్ బాక్స్ డెర్బీ అంటారు. ఇంజిను ఉండదు. వాలు మీద నుంచి వదిలితే దొర్లుకుంటూ పోవడమే. బండిని పిల్లలే చేసుకోవాలన్నది నియమం. 1973 ఆగస్టులో 14 ఏళ్ల కుర్రాడొకడు గెలిచాడు. అయితే ప్రతి పందెంలో అతని బండి గేటు వదలగానే అందరికన్నా ముందు దూకడం, తర్వాతి పందేలు వచ్చేసరికి వేగం తగ్గుతూ రావడం చూసి నిర్వాహకులకు అనుమానం వచ్చింది. బండికి ఎక్స్‌రే తీస్తే ముక్కు భాగంలో విద్యుదయస్కాంతం బయటపడింది. కుర్రాడు తల వెనక్కి ఆనిస్తే స్విచ్ పడుతుంది, ముందున్న ఇనుప గేటు కిందికి వాలుతూ బండిని లాగుతుంది. పందెం పందేనికీ బ్యాటరీ దిగిపోతూ వచ్చింది, అందుకే వేగం తగ్గింది."

"ఆ కుర్రాడే చేశాడా?"

"అతను దగ్గరి బంధువు ఇంట్లో ఉంటున్నాడు. ఆ పెద్దాయన ఇంజినీరు, మంచు మీద జారే ఆటకు బూట్లు తయారు చేసే కంపెనీ పెట్టిన మనిషి. అయస్కాంతం ఆలోచన ఆయనదే. ముందటి ఏడు గెలిచింది ఆయన సొంత కొడుకు. పట్టుబడ్డాక ఆయన చెప్పుకున్నదేమిటంటే, ఈ పోటీలో పెద్దవాళ్లు నియమాలు తప్పడం మామూలే, మావాడికీ సమానంగా పోటీపడే అవకాశం ఇద్దామనుకున్నాను అని. గెలిచిన రెండు రోజులకే కుర్రాడి బహుమతి పోయింది. పేపర్లన్నీ ఆ పిల్లవాడి పేరే రాశాయి."

తమ్ముడికి కోపం వచ్చింది. "అది మోసం అక్కా. నేను చేసింది సాయం. ఒకటీ ఒకటీ ఎలా అవుతాయి?"

"కావు. నువ్వు అయస్కాంతం దాచలేదు, ఒప్పుకుంటాను. కానీ వాడి పేరు రాసి నీ పని పెట్టావు. అక్కడా ఇక్కడా పోటీ పడుతున్నది పెద్దవాళ్లు, నిలబడి జవాబు చెప్పవలసింది పిల్లలు."

ఇక్కడ తమ్ముడు బలమైన వాదమే తీశాడు. "సాయం లేకుండా సైన్స్ ఎవడు చేశాడో చెప్పు. మన బేగంపేటలోనే రొనాల్డ్ రాస్ ఉన్నాడు గదా. మలేరియాకూ దోమకూ సంబంధం ఉందన్న ఆలోచన ఆయన సొంతమా? లండన్‌లో ప్యాట్రిక్ మాన్సన్ 1894లోనే చెప్పాడు. ఎక్కడ వెతకాలో, ఎలా వెతకాలో ఉత్తరాల్లో రాసి పంపాడు. అంత పెద్ద డాక్టరుకే గురువు కావాల్సి వస్తే, ఏడో తరగతి వాడికి నాన్న అక్కర్లేదా?"

"మంచి ఉదాహరణ తీశావు. దాన్నే చివరిదాకా చూద్దాం. రాస్ ఇక్కడ సికింద్రాబాద్‌లో 1895 నుంచి దోమలు కోసి చూస్తున్నాడు. రెండేళ్లు ఏమీ దొరకలేదు. ఎందుకంటే ఆయన కోస్తున్నవి మనుషుల మలేరియా పరాన్నజీవి పెరగని రకం దోమలు. 1897లో ఉక్కపోతకు నుదుటి చెమట కారి మైక్రోస్కోప్ స్క్రూలు తుప్పు పట్టాయి. పంకా ఊపిస్తే కోసిన దోమలు ఎగిరిపోతాయని గాలి కూడా లేకుండా కూర్చున్నాడు. ఆగస్టులో రెక్కల మీద మచ్చలున్న వేరే రకం దోమలు దొరికాయి. హుసేన్ ఖాన్ అనే మలేరియా రోగిని వాటితో కుట్టించి, దోమకు ఒక అణా చొప్పున ఇచ్చాడు. ఆగస్టు 20న వాటిలో ఒకదాని కడుపు గోడలో, మలేరియా పరాన్నజీవికి గుర్తయిన నల్లటి రేణువులున్న కణాలు కనబడ్డాయి. డిసెంబరులో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో అచ్చయింది. 1902లో నోబెల్ వచ్చింది."

"అదే నేను అంటున్నది. మాన్సన్ లేకపోతే అదంతా ఎక్కడిది?"

"మాన్సన్ లండన్‌లో ఉన్నాడురా. ఉత్తరాలు రాశాడు, ధైర్యం చెప్పాడు. బేగంపేటకు వచ్చి రాస్‌ను పక్కకు జరిపి మైక్రోస్కోప్‌లో తను కన్ను పెట్టలేదు. ఇంకో సంగతి కూడా విను. మాన్సన్ చెప్పినదాంట్లో సగం తప్పు. దోమలు నీళ్లలో పడి చస్తాయి, ఆ నీళ్లు తాగినవాళ్లకు మలేరియా వస్తుందన్నది ఆయన ఊహ. రాస్ అదీ పరీక్షించాడు, నిలబడలేదు. మరుసటి ఏడు, 1898లో, కలకత్తాలో పక్షుల మలేరియా మీద పనిచేస్తూ, పరాన్నజీవి దోమ లాలాజల గ్రంథుల్లోకి చేరుతుందనీ, కాటుతోనే ఎక్కుతుందనీ తేల్చాడు. గురువే వచ్చి పని చేసి పెట్టి ఉంటే గురువు తప్పు కూడా అలాగే ఉండిపోయేది. పని చేసినవాడు కాబట్టి రాస్ దాన్ని దిద్దగలిగాడు."

తమ్ముడు కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "అంత గొప్ప రాస్ కూడా ఇటలీవాడు గ్రాసీతో పేరు కోసం ఏళ్ల తరబడి కొట్లాడాడు గదా. పోటీ లేని సైన్స్ ఎక్కడుంది?" అన్నాడు.

"నిజమే, కొట్లాడాడు. మనుషుల్లో మలేరియాను మోసే దోమను ముందు తేల్చింది ఎవరన్న దాని మీద ఇద్దరూ నానా మాటలూ అనుకున్నారు. అది ఒకే పనిలో ఉన్న ఇద్దరు పెద్దవాళ్ల తగాదా. నువ్వు తగాదా పెట్టుకున్నది కింది ఫ్లాటు పిల్లలతో. నిన్న రాత్రి భోజనాల దగ్గర నువ్వన్న మాట గుర్తుందా? 'వాళ్ల కుండ ఫెయిలైందట' అన్నావు. నీ గొంతులో సంతోషం నాకు వినబడింది."

ఆ కుండ కథ ఇది. పిల్లలు ఒకే రకం కుండలు రెండు తెచ్చారు. ఫెయిర్‌లో అందంగా కనబడాలని ఒకదానికి ఆయిల్ పెయింట్ వేసి, ముగ్గు గీశారు. రెండింట్లో సమానంగా నీళ్లు పోసి బాల్కనీలో పెట్టారు. రంగు వేయని కుండలో నీళ్లు సాయంత్రానికి చల్లబడ్డాయి. ముగ్గు కుండలో నీళ్లు బయటి గాలి ఎంత వేడిగా ఉందో దాదాపు అంతే ఉన్నాయి. ముందు థర్మామీటరు చెడిపోయిందనుకున్నారు. కుండలు అటూ ఇటూ మార్చి పెట్టారు. మళ్లీ అదే. చిన్నపిల్ల ఏడ్చింది, పెద్దపిల్ల మాత్రం అంకెలు రాయడం ఆపలేదు.

"వేసవిలో మనింట్లో రంజన్ నీళ్లు ఎందుకు చల్లగా ఉంటాయో నీకు తెలుసు," అంది అక్క. "మట్టి గోడలో కంటికి కనపడని సందులుంటాయి. నీళ్లు వాటిలోంచి చెమర్చి బయటికి వచ్చి ఆవిరవుతాయి. ఆవిరవడానికి కావలసిన వేడిని చాలావరకు లోపలి నీళ్ల నుంచే లాక్కుంటాయి. 30 డిగ్రీల దగ్గర ఒక గ్రాము నీరు ఆవిరి కావాలంటే సుమారు 580 కేలరీల వేడి కావాలి. ఆ వేడంతా లోపలి నీళ్లే ఇస్తే, ఆవిరైన ఒక్క గ్రాముకు అర లీటరు పైన నీళ్లు ఒక డిగ్రీ చల్లబడతాయి. ఆయిల్ పెయింట్ ఆ సందుల్ని మూసేసింది. ఇక చెమర్చడం లేదు, ఆవిరవడం లేదు, చల్లబడటం లేదు. ఫెయిలైందని నువ్వనుకున్న ఆ ముగ్గు కుండే ఫెయిర్ మొత్తంలో అసలైన ప్రయోగంరా. ఒక్క మార్పు తప్ప అన్నీ సమానంగా ఉన్న రెండు కుండలు! కావాలని చేద్దామన్నా అంత శుభ్రంగా కుదరదు. ఆ పిల్లలకు నీలాంటి నాన్న ఉండి ఉంటే మొదటి రోజే ఆ కుండ తీసేయించి, ఇంకోటి కొనిపెట్టి, గ్రాఫ్ తానే గీసిచ్చేవాడు."

"అయితే పెద్దవాళ్లు చేతులు కట్టుకుని కూర్చోవాలంటావా? పిల్లల పని పిల్లల పనిగానే ఉంటే దానికి ఏ విలువా ఉండదక్కా. ఎవరూ పట్టించుకోరు."

"పట్టించుకున్నారు. 1996లో అమెరికాలో ఎమిలీ రోసా అనే తొమ్మిదేళ్ల పిల్ల నాలుగో తరగతి సైన్స్ ఫెయిర్‌కు ఒక ప్రయోగం చేసింది. రోగి ఒంటిని తాకకుండా చేతులు పైన ఆడించి, శరీరం చుట్టూ ఉన్న శక్తిని సర్ది జబ్బు నయం చేస్తామనే వైద్యులు ఉన్నారు అక్కడ. ఆ శక్తి తమ చేతులకు తెలుస్తుందంటారు. ఎమిలీ ఒక అట్ట నిలబెట్టి కింద రెండు రంధ్రాలు చేసింది. అవతలి వైపు వైద్యుడు రెండు చేతులూ చాపి పెట్టాలి. ఇటువైపు ఆమె నాణెం ఎగరేసి, పడ్డదాన్ని బట్టి కుడి చేతికో ఎడమ చేతికో పైన, తాకకుండా, తన చెయ్యి ఉంచుతుంది. ఏ చేతి మీద ఉందో చెప్పాలి. 21 మందిని 280 సార్లు అడిగితే సరైన జవాబులు 123, అంటే 44 శాతం. కళ్లు మూసుకుని ఏదో ఒకటి చెప్పినా సగం సరిపోవాలి గదా. 1998 ఏప్రిల్‌లో అమెరికన్ మెడికల్ అసోసియేషన్ పత్రిక దాన్ని అచ్చు వేసింది. అప్పటికి ఆ పిల్లకు పదకొండేళ్లు."

"అదిగో, దొరికావు!" అన్నాడు తమ్ముడు. "ఆ వ్యాసం నేనూ చూశాను. రచయితల్లో మొదటి పేరు తల్లిది. ఆమె నర్సు. ఆ వైద్యాన్ని ముందు నుంచీ వ్యతిరేకించిన మనిషి. లెక్కలు కట్టిందీ వ్యాసం రాసిందీ పెద్దవాళ్లే."

"అవును, పెద్దవాళ్ల చెయ్యి ఉంది. ఎక్కడ ఉందో చూడు. తల్లి ఆ వైద్యం మీద వీడియో చూస్తుంటే పక్కనుంచి చూసిన పిల్లకు ప్రశ్న పుట్టింది, నిజంగా వాళ్లకు తెలుస్తుందా అని. అట్ట, నాణెం, చెయ్యి పెట్టడం ఆమెవి. పెద్దవాళ్లు గణాంకాలు చూశారు, పత్రిక కోరిన పద్ధతిలో రాశారు, తమ పేర్లు బహిరంగంగా పెట్టుకున్నారు. దాచలేదు. నీ చెత్తబుట్ట పక్కన నీ పేరు ఉందా?"

ఇంగ్లండ్‌లోని డెవాన్‌లో బ్లాకాటన్ అనే పల్లె బడి పిల్లలు 25 మంది, 8 నుంచి 10 ఏళ్ల వాళ్లు, తుమ్మెదలు (బంబుల్‌బీలు) రంగునూ పూల అమరికనూ కలిపి గుర్తుపట్టగలవా అని పరీక్షించిన సంగతి కూడా అక్క చెప్పింది. 2010లో బయాలజీ లెటర్స్ అనే పరిశోధన పత్రిక ఆ వ్యాసాన్ని పిల్లల మాటల్లోనే, వాళ్లు రంగు పెన్సిళ్లతో గీసిన బొమ్మలతోనే ప్రచురించింది. బో లోటో అనే శాస్త్రవేత్త వాళ్ల వెంట ఉన్నాడు. తుమ్మెదల ముందు ఏ ప్రశ్న పెట్టాలన్నది పిల్లలే తేల్చుకున్నారు.

తమ్ముడు చివరి వాదం తీశాడు. "అవన్నీ దొరల బళ్లు. ఇక్కడ ఇంట్లో చదువుకున్నవాళ్లు లేని పిల్లలు ఎందరో. నేను నా కొడుక్కి చేయనంత మాత్రాన వాళ్లకు న్యాయం జరుగుతుందా?"

"నువ్వు చేయడం వల్ల జరిగే అన్యాయం ముందు చూడు. నువ్వు పెట్టిన స్క్రీన్ పక్కన ఏ సాయమూ లేని పిల్లవాడి అట్టపెట్టె ఎలా కనబడుతుంది? అయినా అలాంటి పిల్లలకు కావలసింది సాయం చేసే మాస్టారు, దారి చూపే పథకం. ఇన్‌స్పైర్ మానక్‌లో ఆరో తరగతి మొదలుకొని పిల్లల ఆలోచనలు తీసుకుంటారు. ఎంపికైతే నమూనా చేసుకోవడానికి 10,000 రూపాయలు ఇస్తారు. చూసే వాటిలో మొదటిది కొత్తదనం. సిరిసిల్ల జిల్లా హనుమాజీపేట జిల్లా పరిషత్ బడి పిల్లవాడొకడు, వడ్ల కుప్పను సంచుల్లోకి ఎత్తే కష్టం చూసి, ఆ పని తేలిక చేసే యంత్రం ఆలోచించాడు. జాతీయ స్థాయి దాకా వెళ్లింది. బడిలో మాస్టారి సాయం ఉంది, కానీ ఆ కష్టాన్ని చూసిన కళ్లు ఆ పిల్లవాడివే. మనింట్లో వాణ్ని అడిగావా, నీకేం చూడాలనుందిరా అని?"

అడగలేదని తమ్ముడు ఒప్పుకున్నాడు. మార్కుల విషయంలో మాత్రం పట్టు వదల్లేదు. జడ్జీలు మెరుపులకే బహుమతులిస్తున్నంత కాలం తండ్రులు మెరుపులే చేస్తారన్నాడు. ఆ మాటకు అక్క దగ్గర పూర్తి జవాబు లేదు. ఆమె కూర్చున్న ఫెయిర్లలోనూ అలా జరిగిందని ఆమెకు తెలుసు.

ఈ సంవాదంలో న్యాయం అక్క వైపే ఉంది. తమ్ముడి చివరి మాట కూడా నిజమే, దానికి జవాబు చెప్పవలసింది బళ్లు. పెద్దవాళ్లు చేయవలసిన పనులు ఉన్నాయి. 230 వోల్టుల కరెంటు, వేడి గ్లూ, కత్తి, సోల్డరింగ్ దగ్గర పక్కన నిలబడాలి. సామాను కొనిపెట్టాలి. పిల్లలు చెప్పేది ఓపిగ్గా వినాలి. ప్రశ్న ఎంచుకోవడం, కొలవడం, తప్పిపోయినప్పుడు ఎందుకని వెతకడం పిల్లలకు వదలాలి. 1950 నుంచి జరుగుతున్న అంతర్జాతీయ సైన్స్, ఇంజినీరింగ్ ఫెయిర్‌లో, ఏదైనా పరిశోధనశాలలో పనిచేసిన విద్యార్థి విషయంలో అక్కడి పర్యవేక్షకుడు ఒక పత్రం నింపాలి. విద్యార్థి సొంతంగా ఎంత చేశాడో అందులో రాయాలి. మన బళ్లలో అంత పెద్ద పత్రం అక్కర్లేదు. ప్రతి ప్రాజెక్టు పక్కన ఒకే కాగితం చాలు: పిల్లలు చేసింది ఇది, పెద్దలు చేసింది ఇది, అనుకున్నట్టు రానిది ఇది. సికింద్రాబాద్ ప్రధానోపాధ్యాయులు, సైన్స్ టీచర్లు వచ్చే ఫెయిర్ నుంచే ఆ కాగితం తప్పనిసరి చేయాలి. జడ్జీలు మోడల్‌ను చూడకముందు ఆ మూడో వరుస చదవాలి, మార్కుల్లో సగం దానికే కేటాయించాలి.